పాత మారుతికి అలాయ్ చక్రాలు: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

మీ ఇంటి ముందు ఒక మారుతి 800 ఉంది. నాన్నగారు కొన్నదో, మీరే ముచ్చటపడి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నదో. రంగు వేయించారు, సీటు కవర్లు మార్పించారు, డాష్‌బోర్డు తుడిచి మెరిపించారు. ఇక మిగిలింది ఆ సన్నటి స్టీలు చక్రాలు. వాటి స్థానంలో అలాయ్ వీల్స్ పడితే బండి కళే మారిపోతుందని మీ మనసు చెబుతోంది. నిజమే, మారిపోతుంది.

అంతలో ఒక మిత్రుడు, "అలాయ్స్ నిషేధం గురూ, పట్టుకుంటే ఐదు వేలు" అంటాడు. ఇంకో మిత్రుడు, "ఏం కాదులే, ఊళ్లో సగం బండ్లకి అవే" అంటాడు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా పూర్తిగా వినకండి. అలాయ్ చక్రాలు వద్దని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా రాసి లేదు. అలాగని దుకాణంలో నచ్చిన చక్రం ఏదైనా బిగించుకోవచ్చనీ లేదు. చక్రం అల్యూమినియందా, ఇనుముదా అన్నది కాదు ప్రశ్న. కంపెనీ ఇచ్చిన కొలతలు మారాయా, లేదా? ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను, తర్వాత పనిలోకి దిగుదాం. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. తయారీదారు మొదట చెప్పిన వివరాలకు, ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని దాని సారాంశం. 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు 182ఏ సెక్షన్ వచ్చింది: అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ మిత్రుడు చెప్పిన ఐదు వేలు ఇక్కడి నుంచే పుట్టింది. రోడ్డు మీద అక్కడికక్కడే కట్టించుకునే మొత్తాన్ని ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి, ఆ అంకె ఊరిని బట్టి మారవచ్చు.

"మరి నా ఆర్సీలో చక్రం సైజే లేదుగా?" అని అడుగుతారేమో. మంచి ప్రశ్న. సొంత కారు ఆర్సీ కార్డు మీద సాధారణంగా టైరు సైజు ఉండదు. కానీ ఆ మోడల్‌కు అనుమతి తెచ్చుకున్నప్పుడు కంపెనీ ఇచ్చిన వివరాల్లో ఉంటుంది. తనిఖీ అధికారి ఆర్సీ ఒక్కటే చూసి ఊరుకోవాలని ఎక్కడా లేదు. ఎల్పీజీ కిట్ పెట్టించుకుంటే ఆర్సీలో ఎక్కిస్తారు, అందుకు ఒక పద్ధతుంది. పెద్ద చక్రాలను "ఎక్కించుకునే" అలాంటి గడి ఏదీ లేదు. అందుకే సైజు మార్చాక కాగితాలతో సరిచేసుకుందాం అనే ఆలోచన మానుకోండి.

1. ముందు మీ బండి అసలు సైజు రాసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. ఇప్పుడు బండికున్న టైరు మీద రాసి ఉన్నదే అసలు సైజు అనుకుంటారు. ఇరవై ఏళ్ల బండిలో అది ఏ పంక్చర్ షాపులోనో దొరికిన టైరు కావచ్చు కదా? యజమానికిచ్చే మాన్యువల్ చూడండి, అది లేకపోతే టైరు గాలి ఒత్తిడి రాసిన స్టిక్కర్ చూడండి. చివరి తరం 800లకు 145/70 ఆర్12. ఈ అంకెల్లో భయపడాల్సిందేమీ లేదు. టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, రిమ్ము 12 అంగుళాలు.

ఒక చిన్న లెక్క నేర్చుకోండి, జీవితాంతం పనికొస్తుంది. 145లో 70 శాతం 101.5. పైనా కిందా కలిపి 203. పన్నెండు అంగుళాలంటే 304.8 మిల్లీమీటర్లు. రెండూ కూడితే టైరు మొత్తం ఎత్తు 507.8 మిల్లీమీటర్లు. మీరు ఏ కొత్త చక్రం చూసినా, దాని మీద వేసే టైరు ఎత్తు ఈ అంకెకు దగ్గరగా ఉండాలి. రెండు మూడు శాతానికి మించి తేడా వస్తే ఆ బేరం వదిలేయండి.

2. "పదమూడు వేసేద్దాం" అన్నప్పుడు నోరు తెరిచి లెక్క అడగండి

విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో మీరు దుకాణం ముందు నిలబడ్డారనుకోండి. దుకాణాదారు బండి చుట్టూ ఒకసారి తిరిగి, "అన్నా, పన్నెండులో ఏముంది, పదమూడు వేసేద్దాం. పద్నాలుగైతే ఇంకా కేక. లెవలే మారిపోద్ది" అంటాడు. ఆయన వ్యాపారం ఆయనది. మీరు ఫోన్ తీసి లెక్క వేయండి.

పాత ఆల్టో కే10కి వచ్చిన 155/65 ఆర్13 టైరు వేస్తే ఎత్తు 531.7 మిల్లీమీటర్లు. అసలు దానికంటే 4.7 శాతం ఎక్కువ. స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 84లో పోతుంటుంది. 165/60 ఆర్14 వేస్తే ఎత్తు 553.6, అంటే 9 శాతం ఎక్కువ. మీటరు 80 అన్నప్పుడు మీరు నిజానికి 87లో ఉన్నారు. హైవే మీద స్పీడ్ గన్ మీ మీటరును నమ్మదు, దాని లెక్కే దానిది. చలానా వచ్చాక "నా మీటరు ఎనభయ్యే చూపించింది సార్" అంటే ఎవరు వింటారు?

దీని వెనకే మిగతావి వస్తాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డు లోపల గీసుకుంటుంది. 796 సీసీ ఇంజనుకు పెద్ద చక్రాన్ని కదిలించడం బరువవుతుంది, పికప్ పడిపోతుంది. బ్రేకులు కంపెనీ ఇచ్చినవే ఉంటాయి, చక్రం మాత్రం పెద్దదైపోతుంది. పక్కగోడ సన్నబడిన పద్నాలుగు అంగుళాల టైరుతో మన రోడ్ల గుంతల్లో పడితే ఆ దెబ్బ నేరుగా రిమ్ముకు, అక్కణ్నుంచి మీ నడుముకు చేరుతుంది.

అలాయ్ వేయకుండానే ఇదే తప్పు చేసినవాళ్లున్నారు. పాత ఆల్టో టైరు 145/80 ఆర్12. రిమ్ము సైజు అదే కాబట్టి 800కీ ఎక్కేస్తుంది. కానీ ఎత్తు 536.8, అంటే 5.7 శాతం తేడా. "పన్నెండే కదా" అనుకుని వేయించేసుకుంటారు. మధ్యలో ఉన్న ఆ 70, 80 చూడరు.

నా సలహా సూటిగా చెప్పేస్తాను: 800కి అలాయ్ వేయించుకోవాలంటే 12 అంగుళాల్లోనే వేయించుకోండి. డిజైన్లు తక్కువ దొరుకుతాయి, వెతకడానికి కొన్ని వారాలు పట్టొచ్చు. అయినా సరే. బుల్లి బండికి బుల్లి చక్రమే అందం, నన్నడిగితే.

3. సైజు కుదిరితే చాలదు, హబ్‌కు కుదరాలి

అలాయ్ వీల్ వెనక వైపు తిప్పి చూడండి. అక్కడ పోతలోనే అంకెలు ఉంటాయి. వెడల్పు, వ్యాసం, పీసీడీ, ఈటీ. ఇవి లేని చక్రాన్ని ముట్టుకోకండి.

పీసీడీ అంటే నట్లు కూర్చునే రంధ్రాల మధ్యగా గీసిన వృత్తం వ్యాసం. చిన్న కార్లలో ఎక్కువగా కనబడేవి 100, 114.3 మిల్లీమీటర్లు. మారుతి కార్లన్నిటికీ ఒకటే అనుకోవద్దు. స్విఫ్ట్‌ది నాలుగు నట్లు, 100. స్విఫ్ట్ చక్రం ఎక్కింది కదా అని ప్రతి మారుతికీ ఎక్కదు. ఎవరి మాటా నమ్మకుండా మీ హబ్ మీద కొలిపించండి. నాలుగు స్టడ్లున్న బండికి ఎదురెదురుగా ఉన్న రెండు స్టడ్ల మధ్యబిందువుల దూరమే పీసీడీ.

అన్నిటికంటే ప్రమాదం 98, 100 తికమక. ఫియట్ యూనో, పాలియోలది 98. వంద చక్రం వాటి మీద పెడితే కూర్చున్నట్టే అనిపిస్తుంది. ఒక బోల్టు నిటారుగా, మూడు బోల్టులు వంకరగా బిగుస్తాయి. రెండు మిల్లీమీటర్లేగా అని పానా వేసి బిగించే మెకానిక్‌లు ఉన్నారు. ఎవరి చెప్పులో వేసుకుని పరుగు పందేనికి దిగినట్టు ఉంటుంది ఆ ప్రయాణం. దారిలో బోల్టులు వదులై, మరలు అరిగి, చక్రం ఊడే దాకా పోవచ్చు.

ఈటీ అంటే చక్రం లోపలికెంత, బయటికెంత కూర్చుంటుందో చెప్పే అంకె. అసలు దానికంటే ఈటీ బాగా తక్కువైతే చక్రం మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొస్తుంది. కొందరికి అదే స్టయిల్. కానీ దారిలో ఆపేవాడి కంటికి మొదట ఆనేది కూడా అదే. దానికి తోడు బేరింగ్ మీద భారం పెరుగుతుంది, వెనక వచ్చే బైకు మీదికి బురద, రాళ్లు చిమ్ముతాయి. "స్పేసర్ వేసి సర్దుదాం" అంటే వద్దనండి. స్పేసర్ పెట్టిన మేరకు నట్టుకు దొరికే మర తగ్గిపోతుంది.

4. నట్ల సంగతి అడగకుండా బండి దుకాణం దాటించకండి

మారుతి స్టడ్ మర ఎం12, 1.25 పిచ్. వేరే కంపెనీల్లో చాలావాటికి 1.5. రెండూ ఒకేలా కనబడతాయి. తప్పు నట్టును నట్లు బిగించే గన్‌తో బలవంతంగా ఎక్కిస్తే మర చెడిపోతుంది. అందుకే మొదటి నాలుగు చుట్లు చేత్తో తిప్పించండి. చేత్తో తిరగని నట్టు సరైన నట్టు కాదు.

అలాయ్ రంధ్రంలో నట్టు కూర్చునే చోటు ఆకారం నట్టు ఆకారానికి సరిపోవాలి. కోను ఆకారానికి కోను, గుండ్రటి దానికి గుండ్రటిది. చక్రం మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దదైతే రింగు వేయించండి, లేకపోతే ఎంత బ్యాలెన్సింగ్ చేయించినా స్టీరింగ్ వణుకు పోదు. ఓ 50, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి నట్లు బిగింపు చూడండి.

ఇక స్టెప్నీ. నాలుగు చక్రాలూ మార్చి స్టెప్నీ పాతదే ఉంచేవాళ్లే ఎక్కువ. ఉంచుకోవచ్చు, సైజు ఒకటే అయినప్పుడు. కానీ అలాయ్ నట్లు స్టీలు రిమ్ముకు సరిపోతాయా? చాలాసార్లు సరిపోవు. కాబట్టి పాత నట్లు నాలుగు ఒక గుడ్డసంచిలో వేసి డిక్కీలో పెట్టండి. రాత్రి పదకొండింటికి సూర్యాపేట దాటాక పంక్చరైతే ఆ సంచి విలువ తెలుస్తుంది.

5. ముద్ర, మోత, బిల్లు

చక్రం మీద ఐఎస్ఐ ముద్ర ఉందా చూడండి. వాహనాల వీల్ రిమ్ములకు నాణ్యతా ప్రమాణాలను తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. జపాన్ నుంచి వచ్చిన వాటి మీద జేడబ్ల్యూఎల్, వీఐఏ అని ఉంటుంది. అది వాళ్ల ప్రమాణం; నాణ్యతకు మంచి గుర్తే, మన ముద్రకు మాత్రం బదులు కాదు. ఏ గుర్తూ లేకుండా కేవలం మెరుపు ఉంటే, ఆ మెరుపు వేరేవాళ్లకు వదిలేయండి.

టైరు విషయంలో లోడ్ ఇండెక్స్ అసలు దానికంటే తగ్గకూడదు. 69 అంటే ఒక్క టైరు 325 కిలోల దాకా మోయగలదని అర్థం. ఇంటిల్లిపాదీ ఎక్కి, పైన క్యారియర్‌కు సంచులు కట్టి తిరుపతి బయల్దేరే బండికి ఇది చిన్న విషయమా? కారు టైరు మీద గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే నిబంధనలకు విరుద్ధమే. కాబట్టి అలాయ్ కొనడానికి డబ్బులు చాలక పాత టైర్లే దాని మీద ఎక్కిస్తాననకండి. రెండింట్లో ఒకటే కొనగలిగితే టైర్లు కొనండి.

సెకండ్ హ్యాండ్ అలాయ్ కొంటుంటే లోపలి అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. వెల్డింగ్ చేసి, రుబ్బి, రంగేసి అమ్మేవి బజారులో బోలెడు. స్టీలు రిమ్ము వంగితే సుత్తితో సరిచేస్తారు. అలాయ్ పగిలితే అతుకు వేసిన చోట లోహం మునుపటి బలంతో ఉండదు, మళ్లీ అక్కడే పగులుతుంది. అలాంటిది సగం ధరకే వస్తే మాత్రం ఎందుకు?

జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు మీద చక్రం సైజు రాయించుకోండి. ఇన్సూరెన్స్ రెన్యువల్ ఫారంలో ఎలక్ట్రికల్ కాని యాక్సెసరీల గడి ఉంటుంది. అక్కడ అలాయ్స్ విలువ చూపించి, కొంచెం ప్రీమియం ఎక్కువైనా కట్టండి. చూపించకపోతే రెండు నష్టాలు: చక్రాలు పోయినా, పగిలినా వాటి డబ్బు రాదు, సైజు కూడా మారి ఉంటే, ప్రమాదం తర్వాత వచ్చే సర్వేయరు చేతికి మీరే ఒక అభ్యంతరం అందించినట్టవుతుంది.

6. పదిహేనేళ్ల గడువు మరచిపోకండి

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి ఆ నగరాల్లో 800 అమ్మకాలు ఆగిపోయాయి. అంటే హైదరాబాద్‌లో కొత్తగా కొన్న ప్రతి 800కీ ఇప్పటికి 15 ఏళ్లు నిండాయి. మిగతా ఊళ్లలో 2014 జనవరిలో తయారీ ఆగే దాకా కొన్నవాటికీ దగ్గరపడుతోంది. సొంత కారు రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లకే. ఆ తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్ చేయించాలి. గడువు తీరడానికి ముందు 60 రోజుల్లో ఫారం 25తో దరఖాస్తు చేయొచ్చు. ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు.

రెన్యువల్‌కు బండిని చూపించాలి. మనవాళ్లు ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే అధికారి బండి చుట్టూ తిరుగుతారు. పన్నెండు అంగుళాల అలాయ్, సరైన టైరు, మడ్‌గార్డు లోపల కూర్చున్న చక్రం ఉంటే మీకు భయపడాల్సిన పని లేదు. అడిగితే బిల్లు చూపించండి. "సార్, సైజు కంపెనీదే, కొలుచుకోండి" అని మర్యాదగా చెప్పండి. అయినా ఆయన స్టీలు చక్రాలతో రమ్మన్నారనుకోండి, వాదనకు దిగకండి. ఇంటికెళ్లి పాత చక్రాలు బిగించుకుని మర్నాడు రండి. అందుకే పాత సెట్టును పాత సామాన్లవాడికి అమ్మేయొద్దు. బండి అమ్మే రోజు వచ్చినా, ఒరిజినల్ చక్రాలున్న బండికే అడిగేవాళ్లు ఎక్కువ.

కొందరు దీన్నే ఉపాయంగా వాడతారు: తనిఖీ రోజున స్టీలు చక్రాలు, మర్నాటి నుంచి పద్నాలుగు అంగుళాలవి. తనిఖీ గట్టెక్కుతుంది. కానీ ప్రమాదం జరిగిన రోజు బండికి ఏ చక్రాలుంటాయి?

7. ప్రీమియర్ పద్మిని ఉన్నవాళ్లకు వేరే మాట

పద్మినికి 5.20-14 టైర్లు, ట్యూబుతో వచ్చినవి. ఈ రోజుల్లో అలాయ్ వేసి ట్యూబ్‌లెస్‌కు మారాలని ఆశపడటం సహజం. కాస్త ఆగండి. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలో ఉన్న బండికి "వీఏ" అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా నమోదుకు ఫీజు 20,000, చెల్లుబాటు పదేళ్లు. పద్మిని అన్న పేరు వచ్చింది 1974లో. అంటే తొలినాటి పద్మినులు, అంతకుముందు ఫియట్ 1100 పేరుతో వచ్చినవి ఈ వయసుకు చేరాయి. చాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో మార్పు ఉండకూడదని నిబంధన. చక్రాల పేరు అందులో లేదు. కానీ అసలు రూపం ఉందా లేదా అని చూసే కమిటీ ముందుకు మెరిసే అలాయ్స్‌తో వెళ్లి, వాళ్ల మనసులో అనుమానం ఎందుకు పుట్టించాలి? పైగా వింటేజ్ నమోదైన బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే. అలాంటి బండికి అలాయ్ వల్ల ఒరిగేదేమిటి? పద్మినికి వద్దు. క్రోమ్ హబ్ క్యాపులు దొరికితే వెతికి పెట్టించండి, దాని అందం అదే.

జర్మనీలో పాత మినీయో, పోలోనో నడుపుతున్న మనవాళ్లకు ఒక్క మాట. అక్కడ చక్రంతో పాటే ఏ బండికి, ఏ సైజుకు పనికొస్తుందో చెప్పే అనుమతి పత్రం ఇస్తారు. ఆ పత్రంలో మీ బండి లేకపోతే టీయూవీ లాంటి సంస్థల నిపుణుడి తనిఖీ కావాలి. అది లేకుండా తిప్పితే బండి అనుమతికే ఎసరు రావచ్చు. ఇక్కడి అలవాటుతో అక్కడ చక్రాలు కొనకండి.

మన దగ్గర అంత కాగితం చేతికి రాదు. కాబట్టి ఆ కాగితం మీరే తయారు చేసుకోండి. ఒక తెల్లకాగితం మీద మీ బండి టైరు సైజు, రిమ్ము వెడల్పు, పీసీడీ, ఈటీ, మధ్య రంధ్రం, మర పిచ్, లోడ్ ఇండెక్స్ రాసి జేబులో పెట్టుకుని దుకాణానికి వెళ్లండి. చక్రం వెనక ఉన్న అంకెలు ఆ కాగితంతో కలిస్తే డబ్బు తీయండి. ఒక్కటి కలవకపోయినా టీ తాగి వచ్చేయండి.